సైన్స్ ప్రాజెక్టులో అమ్మానాన్నల చెయ్యి ఎంతవరకు? ప్రశ్న దగ్గర్నుంచి ఎగ్జిబిషన్ దాకా

ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి 28 సైన్స్ దినం దాకా నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే సంగతి మీద ఉంటాయి. "మేడమ్, పాపకు ప్రాజెక్టు ఇచ్చినారు. మేం ఎంతవరకు చెయ్యొచ్చు?" తిరుపతిలో హైస్కూలు పిల్లలకు భౌతిక శాస్త్రం చెబుతాను, సైన్స్ ఫేర్లలో జడ్జిగా కూర్చుంటాను. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు నా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా వాడు ఏడో తరగతిలో ఉండగా ఇంకుడు గుంత నమూనా చెయ్యాల్సి వచ్చింది. థర్మాకోల్ కోసింది నేను. గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక పొరలు పొరలుగా పోసింది నేను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ఎగ్జిబిషన్‌లో జడ్జి వాణ్ణి ఒకటే అడిగారు: "ఇసుక పైన, గులకరాళ్ళు కింద పోశావు కదా బాబూ, తిరగేసి పోస్తే ఏమవుతుంది?" వాడు వెనక నిలబడ్డ నా వైపు చూసి, "మా అమ్మ పోసింది సార్" అన్నాడు.

వాడు నిజమే చెప్పాడు. ఒక్కసారి తన చేత్తో తిరగేసి పోసుంటే, ఇసుక కింది రంధ్రంలోంచి నీళ్ళతోపాటు కొట్టుకుపోవడం కళ్ళారా చూసేవాడు. ఆ చూసే అవకాశాన్ని వాడికి లేకుండా చేసింది నేనే. ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ఆ పద్ధతే ఇది.

## 1. మొదటి రోజే పని పంచుకోండి

ఆలోచించడం, కొలవడం, రాయడం, చెప్పడం: ఈ నాలుగూ పిల్లలవి. డబ్బు, బండి, నిప్పు, కత్తి, కరెంటు, పక్కన కూర్చునే టైము: ఇవి మీవి. ఎక్కడ అనుమానం వచ్చినా ఈ రెండు వాక్యాల దగ్గరికే రండి.

ఇంకో చిన్న సూత్రం కూడా గుర్తుంచుకోండి. బిడ్డ అడిగితే సాయం చెయ్యండి, అడగకముందే చెయ్యకండి. ప్రమాదమున్న పనైతే మాత్రం అడక్కపోయినా మీరే చెయ్యండి.

పిల్లల చేత్తోనే జరగాల్సినవి:

- ప్రశ్న ఎంచుకోవడం
- "ఏమవుతుందనుకుంటున్నావు?" అన్నదానికి ముందుగా జవాబు రాసిపెట్టుకోవడం
- కొలతలు తీయడం, పట్టికలో ఎక్కించడం
- చార్టు మీద రాత, బొమ్మలు
- జడ్జీకి చెప్పడం

మీరు చెయ్యాల్సినవి:

- బ్లేడు, కట్టరుతో కోయాల్సినవి, గ్లూ గన్‌తో అతికించాల్సినవి, పొయ్యి మీద వేడి చెయ్యాల్సినవి
- గోడ ప్లగ్గు జోలికి పోకుండా చూడటం. పిల్లల ప్రాజెక్టుకు టార్చి సెల్లులు, 9 వోల్టుల బ్యాటరీ చాలు
- టాయిలెట్ క్లీనరు, బ్లీచింగు లాంటివి అందకుండా పెట్టడం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది
- బ్రెడ్డు మీద బూజు పెంచుతుంటే కవరు మూతి గట్టిగా కట్టేయడం, అయిపోయాక తెరవకుండానే పారేయడం

ఈ రెండు జాబితాలనూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పదో రోజున మీ చెయ్యి దానంతటదే స్కెచ్ పెన్ మీదికి పోతుంది. అప్పుడు ఆ కాగితం అడ్డుపడుతుంది.

## 2. ప్రశ్న బిడ్డ నోట్లోంచే రావాలి

"ఏం ప్రాజెక్టు చేస్తావు నాయనా?" అని అడిగితే పదిమందిలో ఆరుగురు "అగ్నిపర్వతం" అంటారు. వంటసోడా మీద వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. అందులో తెలుసుకున్నదేమిటని అడిగితే జవాబుండదు. అగ్నిపర్వతమే కావాలని పట్టుబడితే కాదనకండి. "ఒక స్పూను సోడాకు ఎన్ని స్పూన్ల వెనిగర్ పోస్తే నురగ అన్నిటికంటే పైకొస్తుంది?" అని ప్రశ్నగా మార్చమనండి. అప్పుడు కొలవాల్సింది ఒకటి దొరుకుతుంది.

మంచి ప్రశ్నలు ఇంట్లోనే తిరుగుతుంటాయి. నేను చూసిన వాటిలో నాకు బాగా నచ్చినది ఒక ఎనిమిదో తరగతి పాపది. వాళ్ళ జేజి (అవ్వ) ఏటా ఎండాకాలం ముందు, "పాత కుండలో నీళ్ళు సల్లగా ఉండవు, కొత్తది తేండి" అంటుందట. "కుండ పాతబడితే ఎందుకు చల్లగా ఉండవు జేజీ?" అని ఆ పాప అడిగింది. జేజికి తెలీదు. వాళ్ళ నాన్న ఫోన్లో వెతికి చెప్పబోయి ఆగి, "మనమే కొలిచి చూద్దామా?" అన్నాడు. ఆయన చేసిన సాయాల్లో అన్నిటికంటే పెద్దది అదే. ఇక్కడి నుంచి ఈ కుండనే ఉదాహరణగా తీసుకుంటాను.

ప్రశ్న దొరికాక దాన్ని జల్లెడ పట్టడంలో మీరు సాయం చెయ్యొచ్చు. మూడు సంగతులు అడగండి:

- దీన్ని ఇంట్లో ఉన్నవాటితో కొలవగలమా?
- రెండు మూడు వారాల్లో తేలుతుందా?
- ఒక్కటి మాత్రమే మార్చి, మిగతావన్నీ ఒకేలా ఉంచగలమా?

మూడింటికీ అవునని వస్తే ముందుకెళ్ళండి. మూడోదానికి కాదని వస్తే ప్రశ్నను ఇంకా చిన్నది చెయ్యమనండి.

ఏమీ తోచని పిల్లల్ని అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ఒక పూట తీసుకెళ్ళండి. అక్కడ దేని ముందు ఎక్కువసేపు నిలబడతారో గమనించి, ఇంటికొచ్చాక దాని గురించే మాట్లాడండి. మన ప్రాంతంలోనే దొరికే ప్రశ్నలు ఇంకో రెండు చెబుతాను.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు రంగును తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి నానబెట్టి చేస్తారు. కరక్కాయలో ముంచి ఆరేసిన గుడ్డ మీద పెడితే అది నల్లగా మారుతుంది, మామూలు గుడ్డ మీద అంత నలుపు రాదు. కరక్కాయలో ఉన్న టానిన్లు ఇనుముతో కలవడం వల్ల వచ్చే నలుపు అది. తుప్పు మేకులు మూడు రోజులు, వారం, రెండు వారాలు నానబెట్టి ఏది ఎక్కువ నల్లగా వస్తుందో చూడొచ్చు. ఒక జాగ్రత్త: డబ్బా మూత బిగించకండి, బెల్లం పులిసి లోపల గ్యాసు పుడుతుంది.

రెండోది బోరు నీళ్ళ సంగతి. మీ బోరు నీళ్ళు, మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు, పట్టిన వాన నీళ్ళు ఒకే కొలతలో మూడు సీసాల్లో పోసి, సబ్బు నీళ్ళు పదేసి చుక్కలు వేసి, సమానంగా గిలక్కొట్టి నురగ ఎత్తు స్కేలుతో కొలవడం. ఇక్కడ చాలామంది షాంపూనో, బట్టల పౌడరో వాడతారు. అవి బోరు నీళ్ళలాంటి ఉప్పు నీళ్ళలో (కఠిన జలంలో) కూడా నురగ ఇస్తాయి, తేడా కనపడదు. సబ్బు బిళ్ళనే తురిమి నీళ్ళలో కరిగించాలి.

## 3. సామాన్లు: డబ్బు మీది, లెక్క బిడ్డది

బిడ్డ చేతికి ఒక మొత్తం ఇచ్చేయండి. మూడు వందలనుకోండి. అందులోనే సర్దుకోవాలి, ఏది ఎంతకు కొన్నదీ నోట్సు చివరి పేజీలో రాయాలి. షాపుకు మీరు తోడు వెళ్ళండి, బేరం మాత్రం బిడ్డనే చెయ్యనివ్వండి.

స్టేషనరీ షాపుల్లో రెడీమేడ్ వర్కింగ్ మోడళ్ళు దొరుకుతాయి. కొనకండి. ఎగ్జిబిషన్‌లో అవే మోడళ్ళు వరసగా నాలుగైదు బల్లల మీద కనిపిస్తాయి. జడ్జీలకు చూడగానే తెలిసిపోతుంది.

కుండ ప్రాజెక్టుకు కావలసినవి:

- కొత్త కుండ, పాత కుండ, ఒక స్టీలు గిన్నె. మూడింటిలోనూ రెండేసి లీటర్లు పట్టాలి
- ల్యాబు థర్మామీటరు. లోపల ఎర్రటి ద్రవం ఉండేది తీసుకోండి, పాదరసానిది పగిలితే ప్రమాదం
- వంటింటి తూకం మిషను
- కొలత గ్లాసు
- వంద పేజీల నోట్సు, పెన్ను

జ్వరం చూసే థర్మామీటరుతో కొలిచి, "మూడింటిలోనూ ఏమీ చూపించడం లేదు" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు. మామూలుగా అది 35 డిగ్రీల కింద పనిచెయ్యదు. కుండ నీళ్ళు అంతకంటే చల్లగా ఉంటాయి.

పెద్ద కుండ తీసుకోవద్దనడానికి కూడా కారణం ఉంది. వంటింటి మిషన్లు చాలావరకు ఐదు కిలోలో, పది కిలోలో తూస్తాయి. పెద్ద కుండ నీళ్ళతో కలిపి దాని మీద కూర్చోదు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టాకే కొలతలు మొదలుపెట్టాలి. పొడి మట్టి మొదట నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి తొలిరోజు అంకెలు తప్పుదోవ పట్టిస్తాయి.

## 4. కొలతలు: మీరు పక్కన కూర్చోవాలి, చెయ్యి పెట్టకూడదు

ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడే ఉంది. మోడలు కోసం ఐదు రోజులు ఖర్చు పెట్టి కొలతలకు ఒక గంట ఇచ్చే ఇళ్ళే ఎక్కువ. దాన్ని తిరగెయ్యండి.

ముందుగా, నీళ్ళు పోయకముందే, ఏమవుతుందనుకుంటోందో బిడ్డ చేత ఒక్క వాక్యం రాయించండి. ఆ పాప ఇలా రాసింది: "కొత్త కుండలో నీళ్ళు అన్నిటికంటే చల్లగా ఉంటాయి, పాత కుండలో కొంచెం, స్టీలు గిన్నెలో చల్లగా ఉండవు." తప్పయినా దిద్దకండి. ఈ వాక్యం మీద తేదీ వేయించండి.

తర్వాత వరస ఇది:

- మూడు పాత్రల్లోనూ ఒకే కుళాయి నుంచి, ఒకేసారి, రెండేసి లీటర్లు పోయాలి
- వరండాలో నీడపట్టున, ఒకే గాలి తగిలేచోట, చెయ్యెడు దూరంలో పెట్టాలి
- మూడింటికీ ఒకే రకం మూత పెట్టాలి
- మొదట వేడి కొలిచి, ఒక్కో పాత్ర తూకం చూసి రాసుకోవాలి
- మూడు గంటలకోసారి మళ్ళీ వేడి, మళ్ళీ తూకం
- ఇలా కనీసం మూడు రోజులు

థర్మామీటరు చదవడం ఒక్కటి మీరు నేర్పించొచ్చు. గరిటెతో నీళ్ళు ఒకసారి తిప్పి, థర్మామీటరు కొసనున్న బుడ్డి పాత్ర అడుగుకూ గోడకూ తగలకుండా ముంచి, రెండు నిమిషాలు ఆగి, కన్ను గీతకు సమానంగా పెట్టి చదవాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే ఒక అంకె వస్తుంది. నీళ్ళలోంచి బయటికి తీసి చదివితే ఆ లోపే మారిపోతుంది. ఒకసారి చేసి చూపించి, థర్మామీటరు బిడ్డ చేతికిచ్చేయండి.

మీరు కూడా చదివి చూస్తే అరడిగ్రీ తేడా రావచ్చు. "నువ్వు తప్పు చదివావు" అనకండి. "ఇంకోసారి చూద్దామా?" అనండి.

బడి రోజుల్లో పదకొండు గంటల కొలత, రెండు గంటల కొలత ఎవరు తీస్తారు? అందరూ అడిగే ప్రశ్నే. వీలైతే ఆదివారాలు, సెలవులు చూసుకోండి. కుదరకపోతే మీరే తీయండి, కానీ రెండు షరతులున్నాయి. ఎలా తీయాలో ముందురోజు బిడ్డే మీకు నేర్పించాలి. మీరు తీసిన అంకె పక్కన "అమ్మ" అనో "నాన్న" అనో రాయాలి. ఆ పాప నోట్సులో పగటి కొలతల పక్కన "జేజి" అని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, మనవరాలు నేర్పించినట్టే గరిటెతో తిప్పి, రెండు నిమిషాలు ఆగి చదివిందట. జడ్జిగా ఆ పేజీ చూసినప్పుడు ఆ అంకెల మీద నాకు నమ్మకం కుదిరింది. ఎవరేం చేశారో దాచకుండా రాసిన నోట్సు కంటే నమ్మదగినది ఇంకొకటి ఉండదు.

నోట్సు విషయంలో ఒక మాట. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి పక్కన మళ్ళీ రాయాలి, రబ్బరుతో చెరపకూడదు. "నీట్‌గా ఉండాల" అని మొత్తం ఫెయిర్ చేయించకండి. నీటి మరకలున్న అసలు నోట్సునే బల్ల మీద పెట్టమనండి. పిల్లలు తమ ప్రాజెక్టులు వినిపించే బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్ళాలనుకునే పిల్లలకైతే రోజువారీ డైరీ ఎలాగూ అలవాటు కావాలి.

## 5. అనుకున్నట్టు రానప్పుడు

ఇక్కడే అమ్మానాన్నల చెయ్యి ఎక్కువగా జారుతుంది.

ఆ పాప కొలతలు మొదలుపెట్టింది నవంబరులో. మనకు వానలు దండిగా పడే నెల. మూడు రోజులూ ముసురు వదల్లేదు. కొత్త కుండకూ స్టీలు గిన్నెకూ మధ్య ఒక డిగ్రీ తేడా కూడా సరిగా రాలేదు. తూకం చూస్తే కొద్ది గ్రాములే తగ్గింది. వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఎక్కడో తప్పు పోయింది. బాగా వచ్చే అంకెలేవో మీరే చెప్పండి, రాసేస్తాం."

ఆయన మంచి ఉద్దేశంతోనే అడిగాడు, బిడ్డ చిన్నబోతుందని భయం. నేను ఫోన్ పాపకిమ్మన్నాను. "ఆ మూడు రోజులూ మీ ఇంట్లో ఇంకేం జరిగిందో గుర్తు చేసుకో" అన్నాను. కాసేపు ఆగి, "ఉతికిన బట్టలే ఆరలేదు మేడమ్, కుండెట్లా ఆరతాది?" అంది.

ఆ ఒక్క మాటతో ప్రాజెక్టు నిలబడింది. కుండ చల్లబడేది దాని గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు బయట ఇగిరిపోవడం వల్ల. గాలిలో తేమ నిండి ఉంటే ఇగరదు. ఆ పాప ముసురు రోజుల అంకెలను అలాగే ఉంచి, ఎండ కాసిన మూడు రోజులు మళ్ళీ కొలిచింది. ఈసారి కొత్త కుండ తూకం బాగా తగ్గింది, నీళ్ళూ చల్లబడ్డాయి. పాత కుండ తూకం అంతగా తగ్గలేదు. దాని ఒంటినిండా తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది, వాళ్ళది బోరు నీళ్ళు. రంధ్రాలు ఉప్పుతో పూడుకుపోతే నీరు ఊరదు, ఊరకపోతే ఇగరదు. జేజి ప్రశ్నకు జవాబు దొరికింది.

అంకెలు అనుకున్నట్టు రాకపోతే మీరు చెయ్యాల్సింది వరసగా:

- "ఎందుకిలా వచ్చింది?" అని అడిగి, మీకు తెలిసినా కాసేపు ఆగండి
- ఆ రోజు వాతావరణం, స్థలం, పాత్ర, సమయం: ఏది మారిందో బిడ్డ చేతే జాబితా రాయించండి
- అందులో ఒక్కదాన్ని సరిచేసి మళ్ళీ కొలవమనండి
- పాత అంకెలు చెరపనివ్వకండి
- అప్పటికీ తేలకపోతే "తేలలేదు, ఇవీ నా అనుమానాలు" అని రాయమనండి. జడ్జీలు దీనికి మార్కులు తగ్గించరు, నేనైతే ఎప్పుడూ తగ్గించలేదు

అంకెలు మార్చమని మీరొక్కసారి చెబితే, బిడ్డకు మీరు నేర్పింది సైన్సు కాదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ వెనకేసుకురాను.

తొమ్మిది, పది తరగతుల పిల్లలైతే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. ఒక గ్రాము నీరు మామూలు వేడిలో ఇగరడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. పది గ్రాములు ఇగిరితే 5,800 కెలోరీలు. లీటరు నీళ్ళను దాదాపు ఆరు డిగ్రీలు చల్లబరచడానికి అది చాలు, బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే. బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా తగ్గేది అంతకంటే తక్కువ. తూకం తేడాతో ఈ లెక్క వేసి థర్మామీటరు అంకెతో పోల్చమనండి. లెక్క మీరు వేసివ్వకండి, "గుప్తోష్ణం పాఠం తీసి చూడు" అంటే చాలు.

## 6. ఏ తరగతికి ఎంత సాయం

మూడు నుంచి ఐదు తరగతులు: దాదాపు అన్ని పనులకూ మీరు పక్కనుండాలి. అంకెలు బిడ్డ చెబితే మీరు రాయొచ్చు. పెద్ద మోడళ్ళు వద్దు, ఒకే ప్రశ్న, ఒకే పట్టిక.

ఆరు నుంచి ఎనిమిది: ప్రణాళిక కలిసి వేసుకోండి, పని బిడ్డది. రోజుకోసారి "ఈ రోజు ఏం చూశావు?" అని అడగండి. వెనకబడుతుంటే గుర్తు చెయ్యండి, మీరు పూర్తి చెయ్యకండి.

తొమ్మిది, పది: సామాన్లు, బండి, కోతలు, అంతే. వాళ్ళకు మీకంటే ఎక్కువ తెలిసిన చోట మీకు చెప్పించుకోండి.

ఇన్‌స్పైర్ మానక్‌కు ఐడియా పంపే పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. అది బడి పిల్లల కొత్త ఐడియాలకు కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చే పథకం. ఎంపికైతే మోడలు చెయ్యడానికి ఇచ్చే 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి, పై స్థాయిల్లో ప్రశ్నలడిగేదీ విద్యార్థినే. ఐడియా మీదైతే ఆ బరువు బిడ్డ మొయ్యలేదు.

## 7. చార్టు, మోడలు

ప్రింటౌట్లు తగ్గించండి. నెట్‌లోంచి దించిన రంగుల బొమ్మ కంటే వంకర్లు పోయిన బిడ్డ గీత మేలు. అక్షరదోషాలుంటే పెన్సిల్‌తో చుక్క పెట్టండి, దిద్దుకోవడం బిడ్డ పని.

చార్టు మీద ఇవి ఉంటే చాలు: ప్రశ్న, ముందు అనుకున్నది, ఏం చేశాను, పట్టిక, ఏం తేలింది, ఎవరెవరు ఏ సాయం చేశారు. ఈ చివరిది మర్చిపోవద్దు. "థర్మాకోల్ నాన్న కోశాడు" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఫోన్లోని ఏఐ యాప్‌ను అడిగి రాసుకొచ్చే పేజీలు ఈ మధ్య బాగా పెరిగాయి. బిడ్డ చదువుకోవడానికి వాడనివ్వండి. చదివాక ఫోన్ పక్కన పెట్టి తన మాటల్లో రాయాలి. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని లెక్క.

## 8. చెప్పడం సాధన చేయించండి, బట్టీ పట్టించకండి

ఇంగ్లీషు మీడియం పిల్లలకు అమ్మానాన్నలు ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు రాసిచ్చి బట్టీ పట్టిస్తారు. మధ్యలో జడ్జి ఆపి ఒక ప్రశ్న అడిగితే, బిడ్డ మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంటుంది. నాకు అది చూడలేని దృశ్యం.

ముందు ఇంట్లో తెలుగులో చెప్పించండి. అవ్వకో, తాతకో, పక్కింటి అత్తకో, సైన్సు తెలియనివాళ్ళకే చెప్పించండి. వాళ్ళకు అర్థమైతే, ఆ తర్వాత అదే మాట ఇంగ్లీషులో తనే చెప్పుకుంటుంది. మాట తడబడినా విషయం తడబడదు.

రోజుకు రెండు ప్రశ్నలు అడగండి. నేను జడ్జిగా ఎప్పుడూ అడిగేవి ఇవి:

- దీన్నే ఎందుకు ఎంచుకున్నావు?
- ఇది తీసేస్తే, తిరగేస్తే, రెట్టింపు చేస్తే ఏమవుతుంది?
- నువ్వు అనుకున్నదానికి ఏది వేరుగా వచ్చింది?
- మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు?
- ఇందులో నీ చేత్తో చెయ్యనిది ఏది?

జవాబు రాకపోతే మీరు అందించకండి. "నాకు తెలీదు, కొలిచి చూడాలి" అనడం నేర్పించండి. అది మంచి జవాబు.

## 9. "రేపే ఇవ్వాలంట" అని రాత్రి చెబితే

ముందు కోప్పడకండి, ఉన్న టైము పోతుంది. రాత్రి పన్నెండు దాకా కూర్చుని మీరే మోడలు చెయ్యకండి. నలభై నిమిషాల్లో బిడ్డే చెయ్యగలిగే ప్రయోగం ఒకటి చెబుతాను.

మూడు గ్లాసుల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు: ఒకటి ఫ్రిజ్‌లోవి, ఒకటి కుళాయివి, ఒకటి చెయ్యి కాలనంత గోరువెచ్చనివి. ఒక్కోదానిలో ఒక స్పూను చక్కెర వేసి, ఒకే వేగంతో తిప్పుతూ, కరిగేదాకా ఎన్ని సెకన్లో ఫోన్లో చూడాలి. మూడుసార్లు చెయ్యాలి. పట్టిక, ఒక గ్రాఫు, ఒక చార్టు. నీళ్ళు వెచ్చబెట్టడం ఒక్కటే మీ పని. పదింటికి పడుకోబెట్టండి.

పొద్దున టీచరుకు బిడ్డ చేతే నిజం చెప్పించండి: "మర్చిపోయినాను మేడమ్, రాత్రి ఇది చేసినాను." మాలో చాలామందిమి ఆ మాట వింటాం.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

మోడలు సగం మీరే చేసేశారు, ఇప్పుడు తెలిసింది. పారేయాల్సిన పని లేదు. బిడ్డను దాన్ని విప్పి మళ్ళీ బిగించమనండి. విప్పేటప్పుడు ఏది ఎందుకుందో తెలుస్తుంది.

బిడ్డకు ఆసక్తి పోయింది. ప్రశ్న మీదై ఉంటుంది, చూడండి. వారం టైముంటే ప్రశ్న మార్చేయండి. టైము లేకపోతే అదే ప్రశ్నలో బిడ్డకు నచ్చిన ముక్క ఒకటి పట్టుకోమనండి.

పక్కింటి బిడ్డ మోడలు గొప్పగా ఉంది. మీ బిడ్డ ముందు ఆ మాట ఎత్తకండి.

ఒకేసారి రెండు మార్చేశారు: కొత్త కుండ ఎండలో, పాత కుండ నీడలో. ఆ రోజు అంకెలు పక్కన పెట్టి, కారణం రాసి, మళ్ళీ మొదలుపెట్టండి.

అన్నయ్యో అక్కో చేసిపెట్టారు. అమ్మానాన్నలకు చెప్పిన షరతులే వాళ్ళకూ వర్తిస్తాయి. వాళ్ళ పేరు కూడా చార్టు మీద ఉండాలి.

## 11. ఎగ్జిబిషన్ రోజు, ఆ తర్వాత

ముందురోజు రాత్రి చూసుకోవాల్సినవి:

- అసలు నోట్సు సంచిలో ఉందా
- కుండలు ఖాళీగా, పాత దుప్పటిలో చుట్టి ఉన్నాయా. నీళ్ళు బడిలో పోసుకోవచ్చు
- దారిలో పగిలితే చూపించడానికి ఫోటోలు ప్రింటు తీశారా
- టేపు, కత్తెర, తుడిచే గుడ్డ, నీళ్ళ సీసా
- బిడ్డ తిన్నదా, నిద్రపోయిందా

బల్ల దగ్గర సర్దడంలో సాయం చేసి, జడ్జీలు వచ్చే వేళకు పక్కకు వచ్చేయండి. కంటికి కనపడేంత దూరంలో నిలబడినా బిడ్డ మీ ముఖం చూస్తుంది, మా వాడు చూసినట్టే. మిగతా బల్లల దగ్గరికి వెళ్ళి పిల్లలు చెప్పేది వినండి, ప్రశ్నలడగండి. వాళ్ళకూ బాగుంటుంది.

ఇంటికొచ్చాక ప్రైజు సంగతి కంటే ముందు, "వాళ్ళు అడిగినవాటిలో నీకు జవాబు తెలీని ప్రశ్న ఏది?" అని అడగండి. దాన్ని నోట్సు చివర రాయించండి.

ఆ కుండ పాపను జడ్జి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "పాత కుండను చింతపండు నీళ్ళతో తోమి ఉప్పు వదలగొడితే మళ్ళీ చల్లబడుతుందా?" ఆమెకు తెలీదు, తెలీదనే చెప్పింది. చింతపులుసు పులుపు తెల్లటి సున్నపు పొరను కొంత కరిగించగలదు, కానీ రంధ్రాల లోపలికి ఎంత పోతుందో కొలిస్తేనే తేలుతుంది. వాళ్ళ నాన్న ఈసారి నాకు ఫోన్ చెయ్యలేదు. పాపే చేసింది. రోహిణి కార్తె ఎండల్లో కొలుస్తానని, జేజి అప్పటిదాకా ఆ పాత కుండను పారెయ్యనని మాటిచ్చిందని చెప్పింది.